అక్క కోసం వదిలిన ఖాళీలు

మా అవ్వ ధర్మవరంలో మా దగ్గరే ఉండేది. ఆమె అక్క, మా పెద్దవ్వ, పెనుకొండలో కొడుకు దగ్గర. రైలెక్కి ఒక కునుకు తీసి లేస్తే వచ్చే ఊరే, కానీ వాళ్లిద్దరికీ అది కాశీకంటే దూరమైపోయింది. అవ్వ మోకాళ్లు ఎంతటివంటే, ఆమె లేచి నిలబడితే ఆ చప్పుడుకు పక్కవీధి కోళ్లు గుడ్లు పెట్టడం మానేసేవి. పెద్దవ్వకు పక్షవాతం వచ్చి ఒకవైపంతా పడిపోయింది. మాట ముద్దముద్దగా, ఒక్కొక్కటే వచ్చేది. ఆ మాటల్లోనే మాకు కబురు పంపింది: "సచ్చేలోగా చెల్లెలితో ఒక్కసారి పాడాల."

చిన్నప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా రాట్నాలు పెట్టుకుని, చీరల నూలు కండెలకు చుడుతూ పాడుకున్న పాట అది. చెల్లెలు అడగాలి, అక్క బదులు చెప్పాలి. "పొద్దన్నే పొయ్యి రాజెయ్యక యాడికి పోతివే అక్కా?" అని ఈమె. "పట్టుదారం తెగిపాయ, ముడెయ్య పోతినే చెల్లెలా" అని ఆమె. పాట పూర్తయ్యేసరికి ఆ అక్క ఎక్కని గుట్ట, దాటని వంక రాయలసీమలో మిగిలేది కాదు.

మనుషులు కదలకపోతే పాటనే రైలెక్కిద్దామని నాకు బుద్ధి పుట్టింది. పంతొమ్మిదివందల అరవైల నాటి మాట అది, నాకు అప్పుడే మీసం కుదురుకుంటోంది. హిందూపురంలో రేడియోలు బాగుచేసే అంగట్లో, ఎవరో వద్దనుకుని వదిలేసిన సెల్లుల టేపు రికార్డరు దొరికింది. సబ్బుపెట్టెకు అన్న, టిఫిన్ క్యారియరుకు తమ్ముడు. మూత పోయింది, ఒక మీట స్థానంలో చొక్కా గుండీ ఉంది.

"ఏమన్నా, ఇది పాడతాదా?" అన్నాను.

"నువ్వు పాడితే పాడతాది, గురక పెడితే గురక పెడతాది. నీ దుడ్లకు కచేరీ రాదప్పా" అన్నాడు అంగడాయన.

మా వీధిలో మగ్గాల చప్పుడు నడుమ పిడుగు పడినా మర్నాడు ఎవరో చెబితేనే తెలిసేది. అమావాస్య నాడు మాత్రం ఎవరూ మగ్గం ఎక్కరు. అందుకని అమావాస్య దాకా ఆగాను. కొత్త సెల్లులు కొనే స్తోమత లేక, నాయన టార్చిలైటులోని పాతవాటిని మిద్దె మీద వడియాల పక్కన ఎండబెట్టాను. ఎండిన సెల్లుకు ప్రాణం లేచొస్తుందని మా వీధి మొత్తం నమ్మకం.

అవ్వ కొత్త చీర కట్టుకుని మైకు ముందు కూర్చుంది. మొదటి ప్రశ్న పాడి టక్కున ఆగిపోయింది. మర్చిపోయిందేమోనని మీట నొక్కి ఆపేశాను. మళ్లీ పాడింది, మళ్లీ ఆగింది, మళ్లీ ఆపాను.

"ఏంరా, ఊరికే నొక్కుతాండావు?"

"నువ్వు ఆగిపోతాండావు గదవ్వా!"

"ఆడ మా అక్క పాడాల గదరా, సన్నాసీ! అది పాడేంత సేపన్నా ఓపిక పట్టు."

మళ్లీ మీట జోలికి పోలేదు. అవ్వ ప్రశ్న పాడి, కళ్లు మూసుకుని, అక్క జవాబు మనసులో విని తలాడించి, మరో ప్రశ్న ఎత్తుకునేది. తిరిగి వేస్తే అచ్చం అవ్వ గొంతే. ప్రపంచాన్ని జయించినవాడిలా పెనుకొండ రైలెక్కాను. రైల్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వినిపించడంతో, దిగేసరికి ఎండబెట్టిన సెల్లులు కొండెక్కాయి.

పెద్దవ్వ కొడుకు నాకు చిన్నాయన వరస. ఆయనకు రోషం పొడుచుకొచ్చింది.

"మా ఇంటికొచ్చి పాత సెల్లులేందిరా? మేమేం బికారోళ్లమా?" అని అంగడికి పరిగెత్తి, నిగనిగలాడే కొత్తవి తెచ్చి తనే బిగించాడు.

పెద్దవ్వను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. మీట నొక్కాను. లోపలినుంచి పదేళ్ల పిల్ల కీచుగా, ఉరుకులు పరుగులతో పాడింది. ఎండిన సెల్లులతో రికార్డు చేసేటప్పుడు నీరసంగా తిరిగిన చక్రం, కొత్త సెల్లులు తిన్న బలంతో ఇప్పుడు గుర్రమైంది. ఆపేద్దామని మీట మీదికి చెయ్యి పోనిచ్చాను. పెద్దవ్వ మొహం మాత్రం వెలిగిపోయింది.

"అదే... మా... చెల్లెలు."

వెంటనే తన వంతు ఎత్తుకుంది. "పట్టు... దారం... తెగి..." అనేలోపే యంత్రంలో పిల్ల తర్వాతి ప్రశ్న అడిగేసింది. అవ్వ అంత ఓపికగా వదిలిన ఖాళీలు కూడా గొంతుతోపాటే కుదించుకుపోయాయి. పెద్దవ్వ రెండో జవాబు మొదలుపెట్టేసరికి మూడోది వచ్చిపడింది.

"ఉండే! నీకెప్పుడూ... తొందరే" అని యంత్రాన్ని కసిరింది. సగం నోటి పక్కనుంచి చొల్లు కారుతుంటే, చిన్నాయన తుడుస్తూ, "నిదానంగా పాడమని చెప్పరా దానికి!" అని నామీద అరిచాడు.

ఎట్లా చెప్పేది? గుండీ తప్ప నా చేతిలో ఏముంది? టేపు మొదటికి తిప్పి, తిరిగే చక్రం అంచు మీద బొటనవేలు ఆనించాను. వేలు ఆనేసరికి పాట నిదానించింది. పిల్ల కాస్తా పెద్దదై, ముసలిదై, మా అవ్వే అయింది. ఖాళీలు సాగాయి. పెద్దవ్వ ఒక జవాబు మొత్తం, చెల్లెలా అనేదాకా, పాడగలిగింది. నా ఆనందానికి పెనుకొండ కొండ చాలలేదు.

అయితే నా వేలేమీ యంత్రం కాదు. చెమట పట్టి జారేది, మళ్లీ నొక్కుకునేది. దాంతో లోపల అవ్వ గొంతు వణకసాగింది. వెక్కివెక్కి పాడుతున్నట్టే ఉంది. పెద్దవ్వ పాడటం ఆపేసి నావైపు చూసింది.

"ఏడుస్తాండాదా... అది?"

"లేదు పెద్దవ్వా, అది నా వేలు."

"ఏడ్వద్దని... చెప్పు."

 వేలు తీస్తే చెల్లెలు అక్కను వదిలి పరిగెత్తుతుంది. ఉంచితే ఏడుస్తుంది. పెద్దవ్వ మంచిచేయి చాచి, ఓదార్చడానికి ఆ డబ్బాను నిమరసాగింది. పాట ఇంకా సగముంది. నేను వేలు ఉంచాను.