చిట్టవ్వ ఆఖరి మాట

చిట్టవ్వా... నువ్వు చదవవని తెలిసీ నీ పేరుతోనే మొదలుపెడుతున్నా.

మా చిన్నప్పుడు సిరిసిల్లలో మా ఇంట్లోనే నాలుగు సాంచాలు నడిచేవి... మరమగ్గాలను మేం అట్లనే అంటాం. ఆ చప్పుడులో పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. అందుకే ఇంటిల్లిపాదీ చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. రెండు వేళ్లు విడదీస్తే పోగు తెగిందని... బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లు తెమ్మని...

ఒకరోజు కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగినా మా నాయిన ఇంకా చేతులు ఊపుతూనే ఉన్నాడు.

"నాయినా, కరెంటు పోయింది... ఇగ నోరు తెరువు!" అన్నాను.

"నాకు నోరున్నదన్న సంగతే యాది మర్చిన బిడ్డా" అని నవ్వాడు.

నేను ఐదో తరగతి దాటలేదు. నా బిడ్డ చిట్టవ్వ మాత్రం ఆ సాంచాల పక్కనే కూర్చుని కథలు రాసింది. కోరుట్లలో, జగిత్యాలలో కథలు చదివేవాళ్లందరికీ ఆమె పేరు తెలుసట... నాకైతే రాసుకుంటూ కంచంలో అన్నం చల్లారబెట్టుకునే పిల్ల.

పోయినేడు జబ్బు చేసి వెళ్లిపోయింది.

జగిత్యాలలో సంతాప సభ పెట్టారు. ఒక సారు నా పక్కన కూర్చుని కాగితం తీశాడు.

"అమ్మా, పెద్ద పెద్ద రచయితలు పోయేటప్పుడు అన్న మాటలు పుస్తకాలల్ల ఉంటయి. మీ బిడ్డ ఆఖరికి ఏమన్నది?"

"ఏం అనలే సారూ... దవాఖానల నోట్ల పైపు ఉండె. చెయ్యితోటి అడిగింది. ఐదు వేళ్లు దగ్గరికి తెచ్చి నోటికాడ పెట్టి... అమ్మా, తిన్నవా అని."

సారు రాయలేదు. "గది కాదమ్మా... సాహిత్యం గురించి ఏమన్న చెప్పిందా?"

"గంతే సారూ. గదే అడిగింది."

తర్వాత చిట్టవ్వ మీద వచ్చిన పుస్తకాన్ని కూడబలుక్కుని చదివాను. ఆఖరి మాట అని అక్షరాల గురించి, వెలుగు గురించి ఏదో వేశారు. మంచి మాటే... నా బిడ్డది మాత్రం కాదు. రేపు అందరూ అదే నమ్ముతారేమోనని భయమేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

చిట్టవ్వ అట్లా అడిగిన రోజు నేనేం తినలేదు... అయినా తిన్నానని తల ఊపాను. నమ్మి కళ్లు మూసుకుంది.

సాంచాలు అమ్మేశాం. ఇప్పుడు ఇంట్లో ఎంత చిన్నగా మాట్లాడినా వినిపిస్తుంది... మాట్లాడే మనిషే లేదు. మీ ఇంట్లో కూడా చేతులతో చెప్పుకున్న మాటలుంటే కింద రాయండి. మెల్లగానైనా అన్నీ చదువుకుంటా.

ముందు మాత్రం... లేచి కడుపునిండా అన్నం తినండి.