తెరకు అవతల కుడి చెయ్యి

1946లో నన్ను ఆరోగ్య ప్రచార విభాగంలో మ్యాజిక్ లాంతరు ఆపరేటరుగా మదనపల్లెకు వేశారు. పుంగనూరు, కుప్పం కూడా నా పరిధిలోనివే. నా పైన హెల్త్ ఇన్‌స్పెక్టరు. ఉపన్యాసం ఆయనది, బొమ్మలు నావి.

ఆ బొమ్మలు గాజు పలకల మీద ఉండేవి. వాటినే స్లైడులు అనేవాళ్ళం. పలకకు ఒక వైపు మసక, ఇంకో వైపు మెరుపు. మసక వైపు నుంచి చూస్తేనే బొమ్మ సరైనది. దాని మీద మరో గాజు మూసి, అంచులకు నల్ల పట్టీ అంటించి, ఆ వైపే ఎడమ పక్క కింది మూలలో తెల్ల కాగితపు చుక్క పెట్టేవాణ్ణి. లాంతరు బొమ్మను తెర మీద తలకిందులుగా వేస్తుంది కాబట్టి స్లైడును కూడా తలకిందులుగానే దూర్చాలి. అప్పుడు చుక్క సరిగ్గా నా కుడి బొటనవేలి కిందికి వస్తుంది. ఈ పనిలో నాకు వంక పెట్టినవాడు లేడు.

పుంగనూరు దగ్గర ఒక పల్లెకు సుశీలమ్మ అనే మిడ్‌వైఫును కొత్తగా పంపారు. మదనపల్లె మిషను ఆస్పత్రిలో పని నేర్చుకున్న మనిషి. ఆమె ఒక బిడ్డకు రాగి సంగటి తినిపిస్తున్న స్లైడును ఆ పల్లెలో చూపించాం. ఆమెను నలుగురికీ పరిచయం చేయాలని మా ఉద్దేశం. తీరా చూస్తే, ఆ తరువాత ఆమెను ఒక్క ఇంట్లోకీ రానివ్వలేదు. నరసమ్మ అనే పెద్దావిడ కోడలికి తొలి కాన్పు. నెలలు నిండాయి, కాళ్ళు వాచాయి.

"ఆ పిల్లను సూస్తే నాకు భయమైతాండాదప్పా. వాకిట్లోనే నిలబెట్టి పంపేస్తాండారు" అంది సుశీలమ్మ.

ఇన్‌స్పెక్టరూ నేనూ వెళ్ళి అడిగాం. నరసమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. "బిడ్డకు ఎడంచేత్తో సంగటి పెడతాండాది ఆయమ్మ. మేమంతా సూసినాం. ఆ చెయ్యి మా ఇంట్లో పెట్టనిస్తామా?"

స్లైడు తిప్పి పెట్టావని ఇన్‌స్పెక్టరు అక్కడే నా మీద ఎగిరారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆట రోజున చుక్క నా వేలి కిందే ఉంది. యాడ కూర్చుని చూశారమ్మా అని నరసమ్మను అడిగాను.

"ఆడోళ్ళం గుడ్డకు ఆ పక్క గదా కూర్చునేది" అంది.

అదీ సంగతి. మా తెర తడిపిన పంచె. బొమ్మ రెండు వైపులా కనబడుతుంది, కానీ అవతలి వాళ్ళకు కుడి ఎడమవుతుంది. ఆడవాళ్ళను ఇవతలికి రమ్మందామని ఇన్‌స్పెక్టరు అన్నారు. మగవాళ్ళ మధ్య వాళ్ళు కూర్చోరని నాకు తెలుసు. ప్రతి స్లైడుకూ రెండో ముఖం మీద, అటు నుంచి చూస్తే ఎడమ పక్క కింది మూలలో, ఎర్ర చుక్క అంటించాను. తెల్ల చుక్క వేలి కింద ఉంటే బొమ్మ మగవాళ్ళకు సరి, ఎర్ర చుక్క ఉంటే ఆడవాళ్ళకు సరి.

మర్నాడు పొద్దుగూకగానే మళ్ళీ లాంతరు వెలిగించి ఒక్కో బొమ్మనూ రెండుసార్లు చూపించాను. సుశీలమ్మ బొమ్మ ఎర్ర చుక్కతో పడగానే తెర వెనక ఒక గొంతు లేచింది.

"కుడి చెయ్యేనే!" అంది నరసమ్మ గట్టిగా. లేచి తెర చుట్టూ తిరిగి వచ్చి, మగవాళ్ళందరి ఎదుటే సుశీలమ్మ చెయ్యి పట్టుకుంది. "రాయమ్మా, మా పిల్లను సూద్దువు."

ఆ కాన్పు కష్టమైంది. అయినా తల్లీ బిడ్డా దక్కారు. ఆ కబురు విన్నప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. తరువాత కుప్పంలో మొదటి ఆటకే రెండు చుక్కలతో దిగాను. తెరకు రెండు పక్కలా చప్పట్లు పడ్డాయి. రెండు చుక్కలు లేని స్లైడు పెట్టెలోకి ఎక్కకూడదని ఇన్‌స్పెక్టరే ఉత్తర్వు వేశారు.

ఆ రోజు నుంచి నేను పాటించింది ఒకటే. ఆట మొదలయ్యే ముందు, జనం ఎక్కడెక్కడ కూర్చుంటారో అక్కడల్లా నేను ఒకసారి కూర్చుని చూసేవాణ్ణి. బొమ్మ సరిగా పడిందో లేదో లాంతరు దగ్గర నిలబడి చెప్పలేం.