తరగని యవ్వనానికి బంతిపూల దండ

మొన్న ఆయుధపూజ రోజు నేను చచ్చి బతికాను! మాటవరసకి కాదండోయ్, కొండాపూర్‌లో ఒక ఇంటివాళ్ళు నిజంగానే ఏడ్చారు.

అసలు జరిగింది వినండి. హైటెక్ సిటీలో మా ఆఫీసుకి కొత్తగా పెద్ద కలర్ ప్రింటర్ వచ్చింది. గ్రాఫిక్స్ చూసే శ్రీధర్ మనుషుల ఫొటోల్ని కంప్యూటర్లో దిద్ది, పెద్ద బొమ్మలుగా ప్రింట్ తీస్తున్నాడు. ఐదే కాపీలు, కింద పెన్సిల్‌తో నంబరు, లిమిటెడ్ ఎడిషన్! క్లయింట్లకి చూపించడానికి ఒక ముఖం కావాలన్నాడు. నేను రెడీ.

"శ్రీధర్, ముందల జర జుట్టు పెట్టు."

"ఎంత పెట్టాలె అన్నా?"

"కాలేజీల ఉన్నంత!"

పెట్టాడు. కళ్ళ కింద నలుపు తీశాడు, గడ్డం కింద కండ తీశాడు. ముప్పై ఆరేళ్ళ వాణ్ణి ఇరవై మూడుకి దిగిపోయాను. బొమ్మ పేరు 'తరగని యవ్వనం'. ఒక కాపీ రిసెప్షన్ గోడకెక్కింది. ఇంకొకటి... సిగ్గు విడిచి చెబుతున్నా, కొండాపూర్ సంబంధం వాళ్ళకి పంపాను. అమ్మాయి సునీత, టీచరు. ఒక పెళ్ళిలో దూరం నుంచి చూసి మనసు పారేసుకున్నాను. వాళ్ళకి ఫొటో తెగ నచ్చిందట. ఇక నాకు నిద్ర ఉంటే ఒట్టు! పెళ్ళిచూపుల్లో టోపీ పెట్టుకుని కూర్చోలేం కదా.

పూజ రోజు ఏర్పాట్లన్నీ నావే. కంప్యూటర్లకి బొట్లు పెట్టాక ఒక బంతిపూల దండ మిగిలింది. కింద పెడితే తొక్కుతారని కనబడ్డ మేకుకి తగిలించాను. ఆ మేకుకే నా బొమ్మ ఉంది. దాని కింద రిసెప్షన్ టేబుల్ మీద అగరొత్తులు. గుమ్మడికాయ కొట్టడానికి అందరం జనరేటర్ దగ్గరికి పోయాం.

సరిగ్గా అప్పుడే సునీత వాళ్ళ నాన్న వచ్చాడట! పిల్లవాడి గుణగణాలు ఆఫీసులో ఆరా తీద్దామని. లోపల మనిషన్నవాడు లేడు. దండ చూశాడు, అగరొత్తులు చూశాడు, చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

మేం ప్రసాదం తింటుంటే రిసెప్షన్‌లో ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"సార్, కొండాపూర్ నుంచి యాదయ్యను. మీ ఆఫీసుల రమేష్... గిట్లెట్లయింది సార్? గింత చిన్న వయసుల! మా బిడ్డ ఒకటే ఏడుస్తున్నది."

గోడవైపు చూస్తే విషయం బోధపడింది.

"అంకుల్, నేనే రమేష్‌ను."

అవతల రిసీవర్ కిందపడ్డ చప్పుడు!

ఇంకేం ఆలోచిస్తాం? స్కూటరెక్కి కొండాపూర్ పరుగు. ఉన్న నాలుగు వెంట్రుకలూ గాలికి లేచి నిలబడ్డాయి. గుమ్మంలో యాదయ్యగారు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. తర్వాత ఆయన చూపు నెమ్మదిగా నా నెత్తి మీదికి పోయింది. అయిపోయింది, అనుకున్నాను.

"అంకుల్, ఫొటోల జుట్టు నాది కాదు. కంప్యూటర్ది."

లోపల్నుంచి వాళ్ళావిడ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "జుట్టుదేమున్నది బిడ్డా, పానమున్నది. గదే పదివేలు!"

ఆవిడ వెనకాల సునీత ఏడుపాపి పకపకా నవ్వింది. "దండ పడాల్సినోనికే పడ్డది, నాయినా!"

అబ్బ, గుండెల మీంచి బండ దిగిపోయింది! అక్కడే ఛాయ్ తాగాను, లగ్గం మాట ఖాయం చేసుకునే లేచాను.

మర్నాడు ఆఫీసులో శ్రీధర్ కుర్చీ ఎక్కి దండ తీయబోతున్నాడు. "ఉండనియ్ శ్రీధర్," అన్నాను. "ఆ పిల్లగాడు పోయి చానా ఏండ్లయింది."