మంచునీళ్ల సూటుకు మా బాపు వేసిన కుట్టు

తప్పులుంటే ముందే మన్నించండి. నాకు వచ్చిన తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దిద్దించినవే. ఫోనులో తెలుగు కొట్టడం రాక కాగితం మీద రాసి ఫొటో పెడుతున్నాను... కోడి గెలికినట్టున్న ఈ రాత మీకు అర్థమైతే చాలు.

మా చిన్నప్పుడు... సౌదీలోని హుఫూఫ్‌లో మేముండే రెండు గదుల కిందే బాపు పనిచేసే కుట్టుదుకాణం ఉండేది. నలుగురు దర్జీలు. పొద్దంతా అరబ్బులు తొడిగే తెల్లటి పొడుగు అంగీలు, తోబులు, కుట్టేవాళ్లు. మాది జగిత్యాల దగ్గర పల్లె. దుకాణం యజమాని, మా కఫీల్, కాగితాల మీద సంతకం పెట్టబట్టే అమ్మా నేనూ అక్కడికి రాగలిగాం.

నాకు పదేళ్లప్పుడు అక్కడి సర్కారు నితాఖాత్ అని కొత్త రూలు తెచ్చింది. దుకాణంలో సౌదీవాళ్లు పెరగాలి, బయటివాళ్లు తగ్గాలి. నలుగురు దర్జీల్లో ఇద్దరు తిరిగి సొంత దేశం వెళ్లిపోవాలి. ఎవరన్నది కఫీల్ చెప్పలేదు. అమ్మ మాత్రం పెద్ద బియ్యం సంచి కొనడం మానేసి, చిన్న పొట్లాలు తెప్పించేది...

అప్పుడే కఫీల్ కొడుకు ఫహద్ సెలవులకు వచ్చాడు. ఏదో చలిదేశంలో చదువుతున్నాడు. అక్కడి సముద్రంలో పలక మీద నిలబడి అలల మీద జారే ఆట నేర్చుకున్నాడట. దానికోసం ఒళ్లంతా పట్టేసే నల్ల రబ్బరు సూటు. రాయి గీరుకుని భుజం నుంచి మోచేతి దాకా చిరిగిపోయింది. కుట్టిమ్మని తెచ్చాడు.

బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి, వచ్చీరాని అరబీలో ఆది అడిగాడు. మన దర్జీల అలవాటు మీకు తెలిసిందే కదా... ఆది జాకెట్టు ఇవ్వందే కత్తెర పట్టరు. ఫహద్ వెళ్లి ఎప్పుడో వాళ్ల మామ వాడిన పాత సూటు తెచ్చిచ్చాడు. అది లారీ టైరులా బిగుసుకుపోయి ఉంది. దాని చేతికి రబ్బరు ఈ వైపు నుంచి ఆ వైపుకు దిగిన లావు దారపు కుట్టు, రెండు వరసలు. బాపు కొత్తదానికీ అచ్చం అలాగే మిషను మీద వేశాడు.

"ఏనుగు గుంజినా ఊడది," అని మురిసిపోయాడు.

శుక్రవారం పొద్దున కఫీల్ ఖర్జూరపు తోటకు అందరం వెళ్లాం. తొట్టి నిండా నీళ్లు పెట్టించి, ఫహద్ అందులో ఐసుగడ్డలు వేయించాడు. సూటు తొడుక్కుని దిగాడు. రెండు నిమిషాలు కాలేదు... "బారిద్! బారిద్!" చలి చలి అని అరుస్తూ చెయ్యి పట్టుకుని ఎగిరి బయటపడ్డాడు. చల్లటి నీళ్లన్నీ ఆ చేతిలోకే దూరాయి. అందరూ పడీపడీ నవ్వారు.

కఫీల్ నవ్వలేదు. "నా దగ్గర ఉండేవాడికి పని తెలిసుండాలి, రఫీఖ్," అన్నాడు బాపుతో. పనివాళ్లందరినీ అలాగే పిలిచేవాడు.

ఇంటికొచ్చాక అమ్మ ఊరుకుంటుందా! "ఏనుగు గుంజినా ఊడదంటివి. నీళ్లు గుంజినయ్ గదా. ఇగ సామాన్లు సదురుమంటవా?"

బాపు రెండు సూట్లూ చాప మీద పక్కపక్కన పరిచి నన్ను పిలిచాడు. "నీ కండ్లు మంచిగుంటయ్ బిడ్డా, జర సూడు."

కొత్తదాని చిరగని చెయ్యిని లోపలివైపు తిప్పాను. లోపల మెత్తటి నూగు. అతుకు మీద అక్కడక్కడా సన్నటి పట్టీ ముక్కలు అంటించి ఉన్నాయి. బయట దారం కనిపిస్తోంది, లోపల ఒక్క పోగు లేదు.

"బాపూ, సూది అవుతలికి పోనేలేదు!"

బాపు చాలాసేపు చూశాడు. ముందు అంచులను జిగురుతో అంటించారు. తర్వాత సూది రబ్బరులో సగం లోతుకే దిగి, మళ్లీ పైకే వచ్చింది. చిల్లే లేనప్పుడు నీళ్లెలా వస్తాయి?

"కాలం మారింది, నేను ముసలి సూటును ఆది వెట్టుకుంటి," అన్నాడు.

తను వేసిన కుట్టంతా విప్పేశాడు. చిల్లులు పడ్డ అంచును వెంట్రుకంత కత్తిరించాడు. సాగే రబ్బరు కనుక సరిపోయింది. పొయ్యి మీద సూదిని కాల్చి కొడవలిలా వంచాడు. నల్ల జిగురు రెండు అంచులకూ పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసి అతికించాడు. నేను పది వేళ్లతో నొక్కి పట్టుకుంటే చేత్తో ఒక్కో కుట్టూ వేశాడు. రెండు రోజులు పట్టింది. తర్వాత సూటు చేతిని మణికట్టు దగ్గర బిగించి కట్టి, చేతి నిండా నీళ్లు పోసి వేలాడదీసి, కింద పేపరు పరిచాం. అమ్మ కూడా వచ్చి నిలబడింది. పేపరు మీద ఒక్క చుక్క పడలేదు...

ఈసారి ఫహద్ ఐసునీళ్లలో కూర్చుని చాయ్ తెప్పించుకుని తాగాడు! కఫీల్ పగలబడి నవ్వి, బాపు భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఇక్కడే ఉంటున్నావు," అన్నాడు.

మిగిలిన వాళ్లలో ఇద్దరు వెళ్లిపోయారు. ఒకరు నాకు ఖాళీ దారపు రీళ్లు దాచి ఇచ్చే బంగ్లాదేశీ చాచా. ఆ వారం బాపుకు అన్నం సయించలేదు. మేము మాత్రం ఇంకో నాలుగేళ్లు కలిసున్నాం. తర్వాత ఇంట్లోవాళ్ల మీద కూడా పన్ను వచ్చింది... బాపు అక్కడే ఆగాడు, అమ్మా నేనూ ఊరికి వచ్చేశాం. అంతటితో నా చదువూ ఆగిపోయింది.

ఇప్పుడు మా ఆయనతో రియాద్‌లో ఉంటున్నాను. మొన్న ఒక మాల్‌లో అలాంటి సూటు వేలాడుతుంటే ఆగిపోయాను. జాకెట్టు గుడ్డంత తేలిక. జిప్పు వీపు మీద కాకుండా ఛాతీ మీదికి వచ్చింది, నీళ్లు వెనక నుంచి దిగకుండా. అతుకులు కూడా ఎంతో తక్కువ. మంచు సముద్రంలో గంటలు గంటలు ఉండొచ్చట. దుకాణంలో ఉన్న సౌదీ అమ్మాయి "మీరూ అలల మీద ఆడతారా?" అని అడిగితే సిగ్గేసి తల అడ్డంగా ఊపాను.

ఆ కుట్టు ఎవరు కనిపెట్టారో కానీ వాళ్లు చల్లగా ఉండాలి. వాళ్ల తెలివి బాపు చేతికి అందబట్టే నా చిన్నతనంలో ఇంకో నాలుగేళ్లు మా నాన్న ఇంట్లో ఉన్నాడు. ఇప్పుడు ఊళ్లో మా వాడలో చాలామంది పిల్లలకు నాన్న ఫోనులోనే కనిపిస్తాడు... మీ నాన్న చేతి పని మీ ఇంటిని ఎప్పుడైనా నిలబెట్టిందా? రాయండి, ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదువుకుంటాను.