ఆమేన్ అనలేని ఆదివారం

"కాలు నిలుస్తది బిడ్డా. ప్రభువు చెప్తున్నడు, నీ పెనిమిటి కాలు నిలుస్తది."

ఆమె ఆ మాట అనగానే మందిరమంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. నా నోరు మాత్రం పెగల్లేదు. ఆ కాలు ఎలా ఉందో నేను ఆ పొద్దునే కళ్ళారా చూశాను. కట్టు మార్చింది నేనే. రెండు వేళ్ళు బొగ్గులా మాడిపోయాయి. నలుపు పాదం మీదికి పాకుతోంది.

నేను సూరత్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ఊరు ఖమ్మం దగ్గర. మా తెలుగు సంఘానికి ఇక్కడ సొంత మందిరం లేదు. ఉధ్‌నా వైపు ఒక గుజరాతీ సంఘం వాళ్ళు, ఆదివారం తమ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం పూట తమ మందిరాన్ని మాకిస్తారు. అక్కడ అందరూ "అమ్మా" అని పిలిచే పెద్దావిడ ఒకరున్నారు. ఆ ఆదివారం కాలు నిలుస్తదన్నది ఆవిడే. పెద్దపల్లి వైపు మనిషి. మిల్లుల్లో పనిచేసే మనవాళ్ళకు వండిపెట్టే మెస్ నడుపుతారు. కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు డెంగ్యూ వస్తే, హాస్టల్ గదికి గంజి మోసుకొచ్చింది ఆవిడే. పదిమందిలో నోరు తెరిచి ప్రార్థన చేయడం నాకు నేర్పిందీ ఆవిడే. ఒకప్పుడు డాక్టర్లు ఆశ వదులుకున్న ఆవిడ భర్త, ఆవిడ ప్రార్థనతో లేచి కూర్చున్నాడని సంఘంలో అందరికీ తెలుసు. అందుకే ఆవిడ మాటకు అంత బరువు.

ఆవిడ బిడ్డా అని పిలిచిన అమ్మాయి మందిరానికి వస్తున్నది కొద్ది నెలలుగానే. భర్త ఇక్కడే సచిన్ పారిశ్రామికవాడలో సాంచాలు, అదే మరమగ్గాలు, నడుపుతాడు, సిరిసిల్ల మనిషి. అతను మందిరానికి రాడు. మంచం పక్కన రాజన్న దేవుడి ఫోటో పెట్టుకుంటాడు. షుగర్ ఉందని తెలిసీ మందులు మానేశాడు. కాలికి దెబ్బ తగిలితే పసుపు అద్ది పనికి పోయాడు. అది ముదిరాక మా ఆసుపత్రిలో చేరాడు.

సోమవారం సర్జన్ దుప్పటి ఎత్తి చూసి, నన్ను పక్కకు పిలిచి హిందీలో చెప్పాడు. విషం రక్తంలోకి ఎక్కుతోంది, మోకాలి కింద తీసేయాలి, రేపు దాటితే మనిషే దక్కడు. పేషెంటుకు నేనే తెలుగులో చెప్పాను. అతను గోడవైపు తిరిగాడు.

"కాలు లేకుంటే సాంచాల నడుమ ఎట్ల తిరుగుత సిస్టర్? ఆమె దేవుడు నిలుస్తదన్నడట గదా. జర ఆగుండ్రి."

మందిరం గడప తొక్కనివాడు ఆ ఒక్క మాటను పట్టుకుని వేలాడుతున్నాడు.

"దేవుడు చెప్పినంక మల్ల కోస్తరా అక్కా? నేను ఒప్పుకుంటే నమ్మకం లేనట్టు గాదా?" అంది భార్య.

డ్యూటీ దిగి నేరుగా మెస్‌కు వెళ్ళాను. అమ్మ పెద్ద గిన్నెలో పప్పు ఎనుపుతున్నారు. సంగతంతా చెప్పి, ఒక్కసారి వచ్చి ఆపరేషన్‌కు ఒప్పుకోమనండి అన్నాను. ఆవిడ తలెత్తలేదు.

"నువ్వు మందుల దిక్కు చూస్తున్నవ్. నేను ప్రభువు దిక్కు చూస్తున్న."

"ఆయన చచ్చిపోతే ఆ పిల్లకు ఏం చెప్తారు?"

"గొంతు తగ్గించు."

"ఆ మాట నిజంగా ప్రభువు చెప్పాడా? మీరు కోరుకున్నారా?"

నా గొంతు తగ్గలేదు. అన్నం తింటున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. అమ్మ పప్పుగుత్తి గిన్నెలోనే వదిలేసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. రోడ్డు మీదికొచ్చాక పాస్టరుగారికి ఫోన్ చేశాను. "ఆమెను ఎదిరిస్తే సంఘం చీలిపోతుందమ్మా, ప్రార్థిద్దాం" అన్నారాయన. నాకు ఏడుపు రాలేదు. కోపంతో చెవులు హోరెత్తాయి. ఆ కోపంలో, ఆవిడ తప్పని తేలాలన్న కోరిక కూడా కొంచెం ఉందని నాకే తెలుస్తోంది. అదే ఎక్కువ భయపెట్టింది.

మంగళవారం పొద్దున నేను వార్డుకు వెళ్ళేసరికి అతనికి జ్వరం మండిపోతోంది. మాట తడబడుతోంది. సర్జన్ రెండుసార్లు కబురు పంపాడు. భార్య మంచం కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతోంది.

అప్పుడు అమ్మ వచ్చారు. నావైపు చూడలేదు. దుప్పటి తొలగించి ఆ కాలిని చాలాసేపు చూశారు. వాసనకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. తర్వాత ఆ అమ్మాయి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు.

"బిడ్డా, నేను ఆదివారం చెప్పింది ప్రభువు మాట కాదు. నా మాట. నీ మొగడు మంచిగ నడవాలని నా పానం కొట్లాడింది. ఆ కొట్లాటనే ఆయన గొంతనుకున్న. డాక్టర్ చెప్పినట్టు చెయ్యి."

ఆ అమ్మాయి కళ్ళు తెరిచింది. "గంతమంది ముంగట ఎందుకన్నవ్ మరి? నేను మొన్నటి సంది ఆ మాట మీదనే ఉన్న గదా!" అని, ఆవిడ చేతిని విదిలించి కొట్టింది. అమ్మ కదల్లేదు. "తప్పయింది" అన్నారు, అంతే. ఆ అమ్మాయి భర్త చెవి దగ్గర వంగి ఏడుస్తూ చెప్పింది. అతను చాలాసేపటికి తల ఊపాడు.

థియేటర్ బయట బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. "నువ్వు చెయ్యి ప్రార్థన. ఇయ్యాల నాకు నోరొస్తలేదు" అన్నారు అమ్మ నాతో. నేను నేర్చుకున్న మాటలన్నీ ఆవిడ నేర్పినవే. ఒక్కటీ నాలుక మీదికి రాలేదు. "ప్రభువా, భయంగా ఉంది" అన్నాను. ఇంకేం అనలేకపోయాను. ఎదుటివాళ్ళకు ధైర్యంగా కనిపించాలని కాకుండా నేను పైకి చేసిన మొదటి ప్రార్థన అదేనేమో. ఆ అమ్మాయి మాత్రం కళ్ళు మూసుకోలేదు. తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

అతను బతికాడు. కాలు పోయింది.

తర్వాతి ఆదివారం అమ్మ సంఘం ముందు నిలబడి, వార్డులో చెప్పిన మాటే మళ్ళీ చెప్పారు. కొందరు తలలు దించుకున్నారు. ఒక కుటుంబం, ప్రభువు మాటను ఇలా వెనక్కి తీసుకుంటారా అని కోప్పడి, పల్సానా వైపు వేరే కూడికకు మారిపోయింది. ఆ అమ్మాయి చాన్నాళ్ళు రాలేదు. వర్షాలు మొదలయ్యాక ఒక ఆదివారం వచ్చి చివర కూర్చుంది. ఎవరో ప్రార్థన చేస్తామని తల మీద చెయ్యి పెట్టబోతే, "వద్దు, ఊకెనే కూసుంట" అంది. ఎవరూ బలవంతం చేయలేదు. భర్త ఇప్పుడు కూర్చుని నూలు చుట్టే పనిలో ఉన్నాడని చెప్పింది. ఆ పనంటే అతనికి ఇష్టం లేదట.

అమ్మ ఇప్పటికీ రోగుల కోసం ప్రార్థిస్తారు. ముందుగా మంచం పక్కన కూర్చుని, "నీకేం భయమైతుంది?" అని అడుగుతారు. జవాబు వినేదాకా కళ్ళు మూసుకోరు.

ఈమధ్య సంఘంలో ప్రేమవిందు భోజనాలు అయ్యాక ఇద్దరం గిన్నెలు తోముతుంటే, ఉన్నట్టుండి అన్నారు. "గా దినం నా మెస్‌ల, అందరి ముంగట గొంతు లేపినవ్. నాకింక కోపం పోలే."

"నాకూ పోలేదమ్మా" అన్నాను.

"సరే తియ్. గా గంజు ఇటియ్యి" అన్నారు.