మూడో వన్స్ మోర్

మా బస్సన్న పోయాడు. శుక్రవారం పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే గుండె ఆగిందట. "మా నాయన గురించి మీరే రాయాల మేడమ్. మీ రాతంటే ఆయనకు పానం" అన్నాడు. రాస్తానన్నాను. పది రోజులైంది. కూర్చున్న ప్రతిసారీ ఆ ప్రాణం అన్న మాట దగ్గరే ఆగిపోతున్నాను.

సౌదీలో, రాస్ తనూరాలో మేముండే కాంపౌండ్ ఆడవాళ్ళను వారానికి రెండుసార్లు ఖోబర్ బజారుకు తీసుకెళ్ళే బస్సు ఆయన నడిపేవాడు. అందుకే బస్సన్న. ఎండ మాడ్చేస్తున్నా చల్లటి నీళ్ళు ముట్టేవాడు కాదు. సీటు పక్కన ఫ్లాస్కు, అందులో మిరియాల కషాయం. ఓరోజు నేను అందరికంటే ముందు బజారు ముగించుకుని వచ్చేసరికి ఖాళీ బస్సులోంచి పద్యం వినిపించింది. రాజ్యం పోగొట్టుకున్న రాజు పాడే పద్యం. చివర్న రాగం అందుకుంటే అద్దాలు అదిరాయి. చేతిలో సంచులతో అలాగే నిలబడిపోయాను.

"మా ఊరి తిరణాల్లో ఇరవై ఏండ్లు రాజు యేసం నాదేమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ. "పొద్దు గుంకినాక మగ్రిబ్ నమాజు సదువుకోని, మొగానికి రంగేసుకోని, కిరీటం పెట్టుకుంటాంటి. అయిదు శృతిలో పాడతాంటి. ఇప్పుడూ అదే శృతి."

పద్యనాటకం ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు, అయిదు శృతి అంటే మగవాడి గొంతుకు కొండెక్కడం. శృతి దించాడంటే నటుడి పని అయిపోయిందని ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. జనానికి పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అని అరుస్తారు. అరిచినన్నిసార్లూ అదే పద్యం, అదే శృతిలో పాడాలి. వద్దనడం మర్యాద కాదు.

నేను చిన్నప్పుడు ఏడేళ్ళు వయొలిన్ గోకిన పుణ్యానికి ఇక్కడ విమర్శకురాలినైపోయాను. చెట్టు లేని చోట ఆముదం మొక్కే మహావృక్షం కదా! తెలుగువాళ్ళ గ్రూపుల్లో నా సమీక్షలకు కాస్త పేరుండేది. కాంపౌండ్ హాల్లో ఆయన మొదటిసారి పాడినప్పుడు, "ఊపిరి తీసుకోవడం ఆయన మరిచిపోయాడు, మేమూ మరిచిపోయాం" అని రాశాను. ఆ సమీక్ష రియాద్ దాకా తిరిగింది. జుబైల్ వాళ్ళు పిలిచారు, దమ్మామ్ వాళ్ళు పిలిచారు. ప్రతిదానికీ నేను రాశాను. బస్సు ఎక్కగానే, "ఈసారి ఏం రాస్తివమ్మా, సదువు" అని అద్దంలోంచి అడిగేవాడు. చదువుతుంటే ఇంజిన్ స్టార్ట్ చేసేవాడు కాదు. వెనక ఆడవాళ్ళు గోల పెట్టేవారు.

ఆయనకు అరవై దగ్గర పడుతోందని నాకు తెలుసు. ఫ్లాస్కులు రెండయ్యాయని కూడా చూశాను. పొగుడుతూ రాయడంలో ఓ రుచి ఉంది, అది అవతలివాళ్ళకంటే రాసేవాళ్ళకే ఎక్కువ.

జెద్దాలో షరఫియా పేట తెలుగువాళ్ళు పిలిచినప్పుడు మేమూ వెళ్ళాం. ఓ హోటల్ పైఅంతస్తు హాలు, నిండా జనం. మొదటిసారి పాడాడు, వన్స్ మోర్. రెండోసారి పాడాడు, మళ్ళీ వన్స్ మోర్. మూడోసారి రాగం పైకి వెళుతూ వెళుతూ పుటుక్కున తెగింది. మిగిలిన పద్యం బొంగురుగా, గాలి కలిసి, ఎలాగో ముగించాడు. రాజు ఏడుస్తున్నాడనుకున్నారు జనం. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం తెలిసింది. ఏడేళ్ళ గోకుడు ఆ మాత్రానికి చాలు.

వచ్చి సమీక్ష రాశాను. "మూడోసారి గొంతు దుఃఖంతో పూడుకుపోయింది. ఇంతటి దుఃఖం ఏ వేదిక మీదా వినలేదు" అని. ఆయన పరువు కాపాడానని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడైనా నిజం ఒప్పుకోవాలి. 'శృతి దించని గాయకుడు' అని అన్నిసార్లు రాసింది నేను. ఆ మాట నాకు ముద్దు.

తరవాతి వారం బస్సులో చదవమని అడగలేదు. అందరూ దిగాక నన్ను ఆపాడు.

"అది దుఃఖం కాదు మేడమ్మా. గొంతు పగిలె. నీకు ఇనపళ్ళేదా, ఇనీ రాయలేదా?"

"వినపడలేదన్నా" అన్నాను.

స్టీరింగ్‌ను గుడ్డతో తుడిచాడు. "ఖమీస్ ముషైత్ వాళ్ళు పిలిచినారు. అదే పద్యం కావాలంట, అట్లే ఏడుస్తా పాడాలంట. దించి పాడదామనుకుంటి. కానీ నువ్వు అంత రాసినాక దించితే నీ మాట పోతాది గదమ్మా?"

'నా మాట గంగలో కలవనీ, దించి పాడన్నా' అనాలి. నోటిదాకా వచ్చింది. "మీ ఇష్టమన్నా, మీకు తెలియనిదేముంది" అన్నాను. అంత గౌరవంగా ఒక మనిషిని గోతిలోకి తోయవచ్చని ఆ రోజు నాకు తెలియదు.

ఖమీస్ నుంచి వచ్చాక ఆయన గొంతు గుసగుసకు మించి లేవలేదు. డాక్టర్ మాట్లాడవద్దన్నాడు. రెండు నెలలకు ఫైనల్ ఎగ్జిట్ వేయించుకుని, ఇక తిరిగి రాకుండా ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మా గుమ్మం దగ్గరికి వచ్చి, చేయి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. నా మీద కోపం ఉందేమోనని ఆ ముఖమంతా వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

ఖమీస్ కార్యక్రమానికి నేను వెళ్ళలేదు. వీడియోను గ్రూపులో పెట్టారు. ఇన్నాళ్ళూ తెరవలేదు, ఈ నాలుగు ముక్కలు రాయాలని నిన్న చూశాను. కిరీటం పెట్టుకుని నిలబడ్డాడు. మొదటిసారీ, మొదటి వన్స్ మోర్‌కూ గీరుకుపోయిన గొంతుతో పాడాడు. రెండో వన్స్ మోర్‌కు సగమే. మూడో వన్స్ మోర్‌కు హార్మోనియం అయిదు శృతి పట్టింది. బస్సన్న నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, చేయి పైకి లేచింది, గొంతు మాత్రం రాలేదు. రాగం ఎంతసేపుండాలో అంతసేపూ నోరు అలాగే తెరిచి ఉంచాడు. హాలంతా లేచి నిలబడింది. వీడియో కింద ఒకరి తరవాత ఒకరు నా సమీక్షలోని అవే మాటలు రాసుకుంటూ పోయారు, ఇంతటి దుఃఖం ఏ వేదిక మీదా వినలేదని.