అత్తగారి మంచం దాకా వైరు

మా చర్చికి మైకు సెట్టు వచ్చిన మొదటి ఆదివారం, ఆరాధన అయ్యీ అవ్వగానే ఇంటికి పరుగెత్తుకొచ్చి, "ఎలా వినిపించింది అత్తయ్యా?" అని అడిగాను. ఊళ్ళో అందరికంటే ముందు ఆవిడే మెచ్చుకోవాలని నా ఆశ. ఆ సెట్టు తెచ్చింది ఆవిడ చిన్నకొడుకే మరి. ఆవిడ మంచం మీద ఇటు తిరిగి, నా మొహంలోకి చూసి, "ఆడాళ్ళు పాడటం మానేశారా ఏంటే?" అంది.

నాకు ఒళ్ళు మండింది. గొంతు బొంగురుపోయేలా పాడి వచ్చినదాన్ని నేను.

ఇది అరవైల మొదట్లో మాట. మా ఊరు దివిసీమలో, అవనిగడ్డ నుంచి కాలవ గట్టు పట్టుకుని దిగువకి వస్తే తగులుతుంది. బందరులో ట్రెయినింగు చదివి, ఆ ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేరి, ఆ ఊరికే కోడలినయ్యాను. మా చర్చిలో అప్పట్లో హార్మోనియం లేదు. పాస్టరు అయ్యగారు పాట నంబరు చెప్పి, ఆడవాళ్ళ చాపల వైపు తిరిగి, "అమ్మా, ఎత్తుకోండి" అనేవారు. అప్పుడు మా అత్తగారు పాట ఎత్తుకునేది. ఆవిడ ఏ శ్రుతిలో మొదలుపెడితే చర్చి అంతా ఆ శ్రుతే. అక్షరం ముక్క రాదు. పాటల పుస్తకం చేత్తో పట్టుకునేది గానీ ఎన్నడూ తెరిచేది కాదు. ఏ పాటకి ఎన్ని చరణాలో, ఏ చరణంలో మగవాళ్ళు తడబడతారో కూడా ఆవిడకి తెలుసు.

ఆ ముందటేడు ఊడ్పుల్లో గట్టు మీద కాలు జారి పడింది. తుంటి విరిగింది. బందరు ఆసుపత్రిలో కట్టు కట్టించాం. ఎముక అతికిందన్నారు గానీ ఆవిడ కాలు మళ్ళీ నేల మీద ఆనలేదు. వసారాలో నులక మంచమే ఆవిడ లోకమైంది. చదువుకున్నదాన్ని కదా అని, పాట ఎత్తుకునే పని నాకు అప్పజెప్పారు. చదువుకీ శ్రుతికీ సంబంధం ఏమిటో నాకిప్పటికీ తెలియదు.

మా మరిది గుడివాడలో రేడియోలు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. ఎవరో వదిలించుకున్న పాత యాంప్లిఫయరు ఒకటి బాగుచేసి, పామర్రు మీదుగా బస్సు టాపు మీద వేసుకుని తెచ్చాడు. మా ఊరికి ఇంకా కరెంటు రాలేదు. కారు బ్యాటరీతో నడిచే సెట్టు అది. చర్చి పక్కన కొబ్బరిచెట్టుకి కొమ్ము లాంటి లౌడుస్పీకరు కట్టాం. చిక్కల్లా ఒకటే. దానికి మైకు గుచ్చే చోటు ఒక్కటే ఉంది. ఆ ఒక్క మైకూ అయ్యగారి బల్ల దగ్గర ఉంటుంది. పాట వచ్చినప్పుడు దాన్ని చర్చి పెద్ద ఒకాయన తన చేతిలోకి తీసుకునేవాడు. చర్చికీ మా ఇంటికీ మధ్య కాలవ ఉంది, దాని వెంబడి ఒక వరస ఇళ్ళున్నాయి. మైకులో పడని గొంతు అంత దూరం రాదు. మంచంలో ఉన్న మా అత్తగారికి అయ్యగారి ప్రసంగమూ, ఆ పెద్దాయన పాటా తప్ప ఇంకేమీ వినబడలేదు.

ఆ పెద్దాయన ఎవరో కాదు, మా అత్తగారి సొంత తమ్ముడే. వరసకు నాకు బాబాయి. మనిషి వెన్న. గొంతు మాత్రం రంపం. చిన్నప్పుడు ఆయనకు పాట నేర్పబోయి ఓడిపోయానని మా అత్తగారే చెప్పేది.

"బాబాయ్ గారూ, పాటప్పుడు మైకు మా వైపు జరపండి" అని అడిగాను.

"మీ ఆడాళ్ళకి మైకెందుకమ్మా? మీరు పోట్లాడుకుంటే నాగాయలంక దాకా వినబడుతుంది" అని నవ్వాడాయన.

నేను నవ్వలేదు. మా ఆడవాళ్ళం ప్రతి పూటా అన్నం వండేముందు దేవుడి పేర ఓ పిడికెడు బియ్యం తీసి పక్కన పోస్తాం. ఆ బియ్యం అమ్మి రెండో మైకు తెప్పించాం. పిడికిలి బియ్యంతో కొన్నదాన్ని కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. ఇక దాన్ని గుచ్చేదెక్కడ?

మా మరిది తర్వాతి శనివారం ఒక పెట్టె చేసి తెచ్చాడు. టీ పెట్టె చెక్కతో చేసింది, తమలపాకుల పెట్టె అంత ఉంది. వెనక వైర్లు గుచ్చడానికి మూడు చోట్లు, ముందు పాడైన రేడియో నుంచి ఊడదీసిన నల్లటి నాబు ఒకటి. "ఒకటి మీద పెడితే అయ్యగారి మైకు, వదినా. రెండు మీద పెడితే మీ మైకు. మూడు మీద పెడితే గ్రామఫోను. ఒకటి పలికితే మిగతా రెండూ నోరు మూసుకుంటాయి" అన్నాడు. మనింట్లో కూడా ఇలాంటిదొకటి పెట్టించమని మా ఆయన వాడిని బతిమాలాడు.

పెట్టె తన పక్కనే ఉండాలన్నాడు బాబాయి. సరేనన్నాం. పాట మొదలైనా ఆయన నాబు తిప్పడు. తిప్పబోతే చెయ్యి వేయనివ్వడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు తయారైంది. తీరా ఒకసారి రెండు మీదికి తిప్పి, వెనక్కి తిప్పడం మరిచిపోయాడు. అయ్యగారి ప్రసంగానికి బదులు మా చాపల మీది చంటిపిల్లల ఏడుపూ, ఎవరిదో ఎండుచేపల బేరమూ ఊరంతా విన్నారు. ఆ మధ్యాహ్నం అయ్యగారే పెట్టె తీసి నా ముందు పెట్టారు.

మరుసటి ఆదివారం పాట వేళకి నాబు రెండు మీదికి తిప్పి ఎత్తుకున్నాను. కొమ్ములోంచి మా అందరి గొంతులూ ఒక్కసారి బయటికి వెళ్ళాయి. ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"విన్నారా అత్తయ్యా?"

"విన్నాను. బాగానే పాడుతున్నారు." ఇటు తిరక్కుండానే, "నేను లేకపోయినా" అంది.

ఆ రోజు అన్నం ముద్ద ముట్టలేదు. కడుపులో బాగాలేదేమో అనుకున్నాను. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. ఇంత మజ్జిగ తాగి గిన్నె పక్కకు నెట్టేసేది. పనిమాలా గొడవపడి సాధించిన దానికి ఇదా ఫలితం అని నాకు మొదట కోపమే వచ్చింది. ఓ సాయంత్రం తల దువ్వుతుంటే ఆవిడే అంది: "ఇంక నాకే దిగులూ లేదమ్మాయ్. పాట ఆగదు. తీసుకుపోతే పోవచ్చు దేవుడు." ఎంతో నెమ్మదిగా అంది. నాకు భయమేసింది. తన పాట బతికుందో లేదోనని ఇన్నాళ్ళూ ప్రాణం పట్టుకున్న మనిషికి, ఇక నీతో పనిలేదని ఆ కొమ్ములోంచి చాటింపు వేసింది నేనేనన్నమాట!

మరిది వచ్చేదాకా ఆగి అడిగాను: "మూడో చోటికి వైరు గుచ్చి మన వసారా దాకా లాగితే? మీ అమ్మ ఇక్కణ్ణుంచే ఎత్తుకుంటుంది."

వాడు తల గోక్కున్నాడు. "అంత దూరం మన మైకు పనిచేయదు వదినా, గుంయ్ మంటుంది." తర్వాత వాడి మొహం వెలిగింది. "చిన్న స్పీకరు పెడదాం. మాట వినిపించే స్పీకర్నే తిరగేసి కలిపితే మాట వింటుంది కూడా. దాని ముందు పాడితే చాలు."

మూడో చోటు గ్రామఫోనుది. గ్రామఫోను బాబాయిది, ఆయన పంచప్రాణాలూ దాని మీదే. నేను వెళ్ళి సంగతి చెబితే, "మరి నా పాటల ప్లేట్లో?" అని నసిగాడు. "మీ ప్లేట్లో, మీ అక్కో, మీరే తేల్చుకోండి" అని వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే ఆయనే పంచె ఎగ్గట్టి, కాలవ మీదుగా కొబ్బరిచెట్ల వెంట వైరు లాగుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

కోతల పండుగ నాడు ముహూర్తం పెట్టాం. పొలాల నుంచి తొలి కంకుల కట్టలూ, గుమ్మడికాయలూ, కాళ్ళు కట్టిన కోళ్ళూ తెచ్చి చర్చి ముందు పెట్టారు జనం. మా అత్తగారికి ఇస్త్రీ చీర కట్టి, వెనక దిండ్లు పేర్చి కూర్చోబెట్టాను. మా ఆయన ఆవిడ పక్కన ఉన్నాడు. ఆవిడ మొదటి వరస ఎత్తుకోగానే నేను రెండు మీదికి తిప్పాలి, మేమంతా అందుకోవాలి. అదీ ఏర్పాటు.

అయ్యగారు పాట నంబరు చెప్పారు. నేను నాబు మూడు మీదికి తిప్పాను. కొమ్ములో చిన్న గుర్రు, దూరంగా కాకి అరుపు. అంతే. చర్చి అంతా కొబ్బరిచెట్టు వైపు చెవులు రిక్కించింది. అంతలో కొమ్ములోంచి మా ఆయన గొంతు గుసగుసగా, "అమ్మా, ఎత్తుకోవే" అంది. వెంటనే మా అత్తగారి గొంతు, ఊరంతా వినేలా: "పిలవకుండానేనా? నాకు మర్యాద తెలవదంట్రా?"

అయ్యగారు నవ్వాపుకోలేక నాకు సైగ చేశారు. నేను ఒకటి మీదికి తిప్పాను. ఆయన మైకు అందుకోబోయేలోగా బాబాయి లేచి వచ్చి దాన్ని పట్టుకున్నాడు. "అక్కా" అన్నాడు. మైకు ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు. మళ్ళీ అన్నాడు: "అక్కా, ఎత్తుకో."

మూడు.

"ఎత్తుకుంటాలేరా. నువ్వు మాత్రం కాసేపు గమ్మునుండు."

చర్చి ఘొల్లుమంది. ఆ నవ్వులు సద్దుమణగకముందే ఆవిడ ఎత్తుకుంది. నేను ఎప్పుడూ ఎత్తుకునే దానికంటే ఎంత పైనో. గొంతు కాస్త వణికింది, రెండో మాటకి నిలబడింది. కొబ్బరిచెట్టు మీది నుంచి పొలాల్లో కుప్పల దాకా ఆ గొంతు ఒక్కటే. వరస అయిపోయింది. ఇప్పుడు నేను రెండు మీదికి తిప్పాలి. తిప్పితే ఆవిడ గొంతు పోతుంది. బాబాయి రెండు వేళ్ళు చూపిస్తున్నాడు, "రెండమ్మా, రెండు" అని పెదాలు కదుపుతున్నాడు. నా వేళ్ళు నాబు మీదే ఉన్నాయి. తిప్పలేదు. తిప్పను గాక తిప్పను అనుకున్నాను. మైకు లేకుండానే గట్టిగా అందుకున్నాను. నా పక్కనున్నావిడ నా మొహం చూసి, లేచి నిలబడి అందుకుంది. చాపల మీది ఆడవాళ్ళంతా లేచారు. అటువైపు మగవాళ్ళూ లేచారు. ఎవరో తలుపులు బార్లా తెరిచారు. మెడ నరాలు తేలేలా పాడాం, పాట చివరిదాకా. పోట్లాటలకే తప్ప అంత గొంతు మేం ఎప్పుడూ వాడి ఉండం.

జనం తెచ్చిన కానుకల వేలంపాట మొదలవుతుంటే అన్నీ వదిలేసి ఇంటికి వచ్చాను. ఆవిడ చీర చెంగుతో మొహం తుడుచుకుంటోంది. కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"కొమ్ములో నా గొంతొక్కటే వచ్చింది. నువ్వు తిప్పలేదు కదూ?" అంది.

"తిప్పలేదత్తయ్యా."

"అయినా వినబడ్డారే మీరంతా! కాలవ దాటి వచ్చింది మీ పాట." ఆవిడ దిండ్ల మీద వెనక్కి వాలి, వంటింటి వైపు చూసింది. "చేపల పులుసు ఉందా? అన్నం పెట్టు అమ్మాయ్, ఆకలేస్తంది."